కోపం ఎవరి మీద పడింది: సినిమాలో మగతనాన్ని పరిశీలించే పద్ధతి

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతూ, ప్రతి సంవత్సరం ఒక సినిమాను ఇచ్చి అందులో మగతనాన్ని ఎట్లా చూపించారో రాయమని అడుగుతాను. మొదట వచ్చే వ్యాసాలు దాదాపుగా రెండు రకాలుగా ఉంటాయి. కొందరు హీరో మంచివాడని నిరూపించడానికి రాస్తారు, కొందరు చెడ్డవాడని తేల్చడానికి రాస్తారు. హీరోకు నడవడి ధ్రువపత్రం ఇచ్చినట్టు సాగే ఆ వ్యాసాల్లో కెమెరా, సంగీతం, కూర్పు, పక్కన నిలబడ్డ మనుషులు ఎక్కడా కనిపించరు. అంటే సినిమా కనిపించదు. ఆ పిల్లల కోసం, సినిమా చూపించి చర్చ పెట్టాలనుకునే అధ్యాపకుల కోసం, ఇంట్లో కొడుకుతో కలిసి సినిమా చూస్తూ ఏదో అడగాలనిపించి ఎట్లా అడగాలో తోచక ఊరుకునే తల్లిదండ్రుల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను.

దీనికంతటికీ ఆధారం ఒకటే ప్రశ్న. హీరో కోపం ఎవరి మీద పడింది, పడిన తర్వాత కెమెరా ఎవరి దగ్గర నిలబడింది? కొట్టిన చేతిని చూపించడం ప్రతి దర్శకుడూ చేసే పని. దెబ్బ తిన్న మనిషి ముఖం మీద రెండు క్షణాలు ఆగాడా, ఆగకుండా హీరో నడక వెంట వెళ్ళిపోయాడా అన్న చోటే ఆ సినిమా మగతనాన్ని ఏమని అనుకుంటున్నదో బయటపడుతుంది.

మొదట సినిమాను ఎంచుకోవాలి. ఒక్క సినిమాను తీసుకుంటే చర్చ అభిమానుల తగవుగా మారిపోతుంది కాబట్టి రెండింటిని పక్కపక్కన పెట్టుకోవాలి. మా ప్రాంతపు పిల్లలకు నేను ఎక్కువగా ఇచ్చే జంట 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’, 2023లో వచ్చిన ‘బలగం’. మొదటిదాని దర్శకుడు సందీప్ రెడ్డి వంగా వరంగల్ మనిషి. రెండవదాన్ని వేణు యెల్దండి సిరిసిల్ల వైపు పల్లె జీవితం నుంచి తీశారు, దాని చివరి పాటను వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడారు. రెండూ మనకు దగ్గరివే, రెండింటిలోనూ మగవాళ్ళ మొండితనమే కథ, అయినా రెండూ వేర్వేరు దారుల్లో వెళ్తాయి. ఒక జాగ్రత్త అవసరం. ‘అర్జున్ రెడ్డి’కి పెద్దల సర్టిఫికెట్ ఉంది కాబట్టి పద్దెనిమిదేళ్ళు నిండని ఇంటర్మీడియట్ పిల్లలకు దానిని చూపించకూడదు.

సినిమాను రెండుసార్లు చూడాలి. మొదటిసారి పది మందితో కలిసి మామూలు ప్రేక్షకుడిలాగానే చూసి, హాలులో ఈలలు ఎక్కడ పడ్డాయో, నవ్వులు ఎక్కడ వచ్చాయో, ఎక్కడ అందరూ నిశ్శబ్దమయ్యారో మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ఆ ఈలల్లో మనది కూడా ఒకటి ఉంటే దాన్ని దాచుకోకుండా రాసుకోవాలి, ఎందుకంటే మనకు ఎక్కడ ఒళ్ళు పులకరించిందో అక్కడే సినిమా తన పని చేసింది. రెండవసారి ఇంట్లో, ఎంచుకున్న పది పదిహేను నిమిషాల భాగాన్ని శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి. పేజీని నిలువుగా నాలుగు భాగాలు చేసుకుని గంట, నిమిషం ఒకచోట, ఎవరు ఏం చేశారన్నది ఒకచోట, ఎవరికి చేశారన్నది ఒకచోట, వెంటనే తర్వాతి షాట్‌లో ఎవరున్నారన్నది చివరిచోట రాసుకోవాలి. ఆ నాలుగో భాగాన్ని నింపడం విద్యార్థులకు మొదట్లో విసుగ్గా ఉంటుంది. అయినా వ్యాసానికి పనికొచ్చే సరుకులో ముప్పాతిక భాగం అక్కడినుంచే వస్తుందని నా అనుభవం.

శబ్దం తీసి చూడటానికి హీరో ప్రవేశ సన్నివేశం కంటే మంచి పాఠం లేదు. మాస్ సినిమాల్లో ముందు చెప్పు కనిపిస్తుంది, తర్వాత పిడికిలి, తర్వాత మెడ వెనుక భాగం, అన్నింటికన్నా చివర ముఖం. కెమెరా నేలకు దగ్గరగా ఉండి పైకి చూస్తుంది కాబట్టి మామూలు ఎత్తు మనిషి కూడా ధ్వజస్తంభంలా కనిపిస్తాడు. బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, లేకుండా చూసినప్పుడు హీరో నిజానికి చేస్తున్నది నడవడం మాత్రమేనని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోతారు. అతని గొప్పతనాన్ని మోస్తున్నది చుట్టూ ఉన్నవాళ్ళు: భయంతో వెనక్కి జరిగే రౌడీ, చేతులు జోడించే ముసలాయన, కళ్ళు పెద్దవి చేసి చూసే అమ్మాయి, భుజం తట్టే స్నేహితుడు. వీళ్ళలో ఎంతమందికి పేరుందో, ఎంతమందికి కనీసం ఒక మాట ఉందో లెక్కపెట్టండి. ఎలివేషన్ అని మనం పిలుచుకునేది హీరో శరీరంలో కన్నా ఇతరుల ముఖాల్లో ఎక్కువ ఉంటుందన్న సంగతి ఆ లెక్కతో తేలిపోతుంది.

ఇక అన్నింటికన్నా కష్టమైన మెట్టు ఒకటుంది. ఒక తప్పుడు పనిని చూపించడం వేరు, ఆ పనిని మెచ్చుకోవడం వేరు. ఈ తేడా తెలియకపోతే, తాగుబోతును చూపించిన ప్రతి సినిమా తాగుడును ప్రచారం చేసినట్టే అవుతుంది, అది అన్యాయమైన తీర్పు. తేడా పట్టుకోవడానికి మొదట ఆ పని జరిగిన వెంటనే ఎవరి ముఖం చూపించారో చూడాలి. ఆ తర్వాతి పది నిమిషాల్లో కథ అతనికి ఏమిచ్చిందో, అంటే పాటనా, నవ్వునా, గెలుపునా, నష్టమా అన్నది చూడాలి. అన్నింటినీ మించి, అది తప్పని కథలో ఎవరైనా అన్నారా, అన్న మనిషిని సినిమా గౌరవించిందా, లేక అతణ్ణి నవ్వులాటకో విలనీకో అప్పజెప్పి ఆ మాటకు విలువ లేకుండా చేసిందా అని అడగాలి. చాలా సినిమాల్లో ‘అట్లా చేయకు’ అనే మాట హీరోయిన్ తండ్రి నోట వస్తుంది, ఆ తండ్రిని ముందే మూర్ఖుడిగా నిలబెట్టి ఉంటారు కాబట్టి ఆ మాట పుట్టకముందే చచ్చిపోతుంది.

ఈ ప్రశ్నలతో ‘అర్జున్ రెడ్డి’ని చూస్తే నాకు కనిపించినది చెబుతాను. వైద్యుడైన హీరో తనను తాను ఎట్లా పాడుచేసుకున్నాడో ఆ సినిమా నిజాయితీగా చూపించింది. మద్యం మత్తులో శస్త్రచికిత్స చేశానని విచారణలో అతను ఒప్పుకునే సన్నివేశంలో ఎలివేషన్ లేదు, తప్పించుకునే దారి ఉన్నా అతను దాన్ని తీసుకోడు. ఆ చోట సినిమా లెక్క అప్పజెప్పింది. అయితే కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిని చూసి, ఆమెను ఒక్క మాట అడగకుండానే ఆమె తనదని అందరికీ చెప్పి, చెంప మీద ముద్దు పెట్టిన పనికి అటువంటి విచారణ ఎక్కడా లేదు. ఆ క్షణంలో ఆమెకు ఏమనిపించిందో చెప్పే మాట ఆమెకు ఇవ్వలేదు. మొదటి సగంలో ఆ అమ్మాయి, ప్రీతి, మాట్లాడిన వాక్యాలన్నింటినీ రాసుకుని రమ్మని నేను చెబుతుంటాను, విద్యార్థులు చాలా చిన్న కాగితంతో వస్తారు. రోగి దగ్గర జవాబు చెప్పిన మనిషి ప్రేమించిన అమ్మాయి దగ్గర చెప్పకపోవడమే ఆ సినిమాలోని మగతనానికి హద్దు అని నా అభిప్రాయం. ఎవరైనా దానితో విభేదించవచ్చు, కాకపోతే సన్నివేశం చూపించి విభేదించాలి.

‘బలగం’లో కోపం ఇంకా చిన్న విషయం దగ్గర మొదలవుతుంది. భోజనాల దగ్గర నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న మాంసపు ఎముక, పడలేదని అల్లుడికి, బావమరిదికి మాట పెరిగి, ఏళ్ళ తరబడి రాకపోకలు ఆగిపోతాయి. బయటివాళ్ళకు ఇది హాస్యంగా అనిపించవచ్చు, మన పల్లెల్లో పుట్టినవాళ్ళకు మాత్రం నల్లి బొక్క అంటే మర్యాద, మర్యాద అంటే మగవాడి తల ఎత్తు అని తెలుసు. ఆ పట్టింపుల బరువు మోసింది ఇంటి ఆడబిడ్డ. మగవాళ్ళు ఇద్దరూ బిగుసుకుని కూర్చుంటే ఆమెకు పుట్టిల్లు లేకుండా పోయింది, చివరికి తండ్రి శవం మీద పడి ఏడ్వడానికే ఆమె ఆ గడప తొక్కింది. ఇక్కడ కెమెరా ఆమె దగ్గర ఆగింది. దర్శకుడు ఆ పట్టింపుకు ఈల వేయించలేదు, దాని వల్ల ఏం పోయిందో చూపించాడు. అయినా ఒక వెలితి నాకు కనిపిస్తుంది. చివరి రాజీ ప్రధానంగా మగవాళ్ళ మధ్యనే జరుగుతుంది, ఆమె పోగొట్టుకున్న ఏళ్ళ గురించి ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. మనకు నచ్చిన సినిమాను కూడా ఇట్లా నిలదీయగలిగితేనే పద్ధతి అబ్బినట్టు.

కన్నీళ్ళ విషయం దగ్గర కొంచెం ఆగాలి. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అనే సామెత మన ఇళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. దెబ్బ తగిలి ఏడ్చిన పిల్లవాణ్ణి ‘ఆడపిల్ల లెక్క ఏడుస్తున్నవేందిరా’ అని ఊరుకోబెట్టని వాడకట్టు లేదు. అందుకే తెర మీద మగవాడు ఏడ్చిన ప్రతిసారీ మనం దాన్ని గొప్ప మార్పు అనుకుంటాం. 1953లో వచ్చిన ‘దేవదాసు’లో అక్కినేని నాగేశ్వరరావు కన్నీళ్ళను గుర్తు చేసుకుంటే అది కొత్త కాదని తెలుస్తుంది. అడగాల్సింది వేరే ఉంది: ఆ కన్నీళ్ళు ఎవరి కోసం, వాటితో అతనికి ఏ బాకీ రద్దయింది? తన బాధకు తాను ఏడ్చే హీరోలు చాలామంది ఉన్నారు, తాను పెట్టిన బాధకు ఏడ్చేవాళ్ళు తక్కువ. 2023లో పల్లెల్లో తెర కట్టి ‘బలగం’ వేసినప్పుడు, మొగిలయ్య, కొమురమ్మల పాట దగ్గర మీసాలున్న పెద్దమనుషులు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అది రెండవ రకం ఏడుపు. విడిపోయిన అన్నదమ్ములో, మాట్లాడటం మానేసిన బావమరుదులో అక్కడే గుంపులో ఉండి ఉంటారు.

పని, సంపాదన అనే కోణాన్ని కూడా వదలకూడదు. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అనే మాటను తెలుగు సినిమా ఎప్పటినుంచో మోస్తున్నది. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో ఎన్టీ రామారావు రోలు దగ్గర కూర్చుని రుబ్బుతుంటే అప్పటివాళ్ళు ఇష్టంగా చూశారు, ఇప్పటికీ చూస్తారు. అయితే అతను వేషం వేసుకున్న ధనవంతుడి కొడుకని మనకు ముందే తెలుసు, కాబట్టి రుబ్బినందువల్ల అతని మగతనానికి ఏ లోటూ రాదు. 2016లో వచ్చిన ‘పెళ్ళి చూపులు’లో వంట మీద ప్రాణం పెట్టుకున్న కుర్రవాడికి అటువంటి వేషం లేదు. అతను నిజంగానే ఇంజనీరింగు ముక్కుతూ మూలుగుతూ ముగించాడు, నిజంగానే తండ్రి దృష్టిలో పనికిరానివాడు, వ్యాపారం తెలిసినది ఆ అమ్మాయికే. ఇంటి పని హీరోకు వేషమా, జీవితమా అన్న ఒక్క ప్రశ్నతో ఈ రెండు సినిమాల మధ్య దూరం కొలవవచ్చు. బొగ్గు గనుల పక్క పల్లెలో నడిచే ‘దసరా’ (2023) గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. విధవరాలిని చేసే తంతు నుంచి తప్పించడానికి హీరో చనిపోయిన స్నేహితుడి భార్య మెడలో తాళి కడతాడు, ఉద్దేశం రక్షణే. ఆమెను అడిగాడా లేదా అన్నది మాత్రం మన నాలుగు భాగాల పేజీలో రాసుకోవాల్సిన విషయం.

మగతనానికి ఏ యాస ఇచ్చారన్నది మన ప్రాంతపు ప్రేక్షకుడు తప్పక చూడాల్సిన సంగతి. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు పోషించిన దుర్మార్గపు నాయకుడి నోట తెలంగాణ మాట వినిపించింది. ఆయన నటన గొప్పది, అయినా ఆ తర్వాత చాలాకాలం మన యాస విలన్‌కో, పక్కన నవ్వించే స్నేహితుడికో మిగిలిపోయింది. కొంతకాలం గడిచి 1999లో ‘సమరసింహా రెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చినప్పుడు వీరత్వం రాయలసీమ కక్షల నేల మీదికి, తెల్లచొక్కా మీదికి, కొడవలి మీదికి చేరింది. తెర మీద ఎవరికి మగతనం దక్కుతుందన్నది కులంతో, నేలతో, భాషతో కూడా తేలుతుందని దీనివల్ల అర్థమవుతుంది. ఇప్పుడు హీరోలు మన యాస మాట్లాడుతున్నారు, అది నాకు సంతోషమే. కానీ మాట మనదై, మాట వెనుక ఉన్న అహంకారం పాతదే అయితే దాన్ని గెలుపుగా రాయవద్దని విద్యార్థులకు చెబుతాను.

మగతనం పుట్టుకతో వచ్చేదని మొండిగా వాదించే విద్యార్థి ప్రతి తరగతిలో ఒకడుంటాడు. అతనితో వాదించకుండా ఓరుగల్లు కోటకు తీసుకెళ్ళడం మేలు. కొడుకులు లేని గణపతిదేవుడి తర్వాత పాలించిన రుద్రమ, శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ ఆమెను మగపిల్లవాడిగా పెంచిన కథ చెబుతుంది. ఆ సినిమాలో ఆమె పురుషుడిగా కనిపించే సన్నివేశాన్నీ, స్త్రీగా కనిపించే సన్నివేశాన్నీ శబ్దం లేకుండా పక్కపక్కన పెట్టి, భుజాలు, అడుగు, చూపు, మెడ ఎట్లా మారాయో రాయమనాలి. చిందు భాగవతంలో స్త్రీలు మగ వేషం కట్టడం చూసిన పిల్లలుంటే వాళ్ళను ముందుగా మాట్లాడనివ్వాలి, ఎందుకంటే మీసం దిద్దగానే నడక ఎట్లా మారుతుందో వాళ్ళు కళ్ళారా చూసి ఉంటారు. నేర్చుకుంటే వచ్చేది ఏదో, రానిది ఏదో ఆ తర్వాత వాళ్ళే మాట్లాడుకుంటారు.

వెంటపడే సన్నివేశాలకు ఒక ప్రత్యేకమైన అభ్యాసం ఉంది. ఒక అమ్మాయి వద్దన్నా పదే పదే వెంబడించడం 2013లో భారత శిక్షా స్మృతిలో 354డి సెక్షన్‌గా నేరమైంది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. తెలంగాణలో ఇట్లాంటి వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి. పాటలో హీరో బస్టాండు నుంచి కాలేజీ గేటు దాకా, గేటు నుంచి ఇంటి దాకా వెంటపడే భాగాన్ని చూపించి, అదే సంఘటనను ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి తన వదినకు ఎట్లా చెబుతుందో ఒక పేజీ రాయమనండి. సంగీతం లేకుండా, ఆమె మాటల్లో. నా తరగతిలో అబ్బాయిలు ఈ పేజీ రాసేటప్పుడు చాలాసేపు కలం కదల్చలేకపోతారు. అదే నాకు కావలసిన నిశ్శబ్దం. 2012 అక్టోబరు 2 నుంచి తెర మీద సిగరెట్టు కనిపిస్తే కింద హెచ్చరిక వేయాలన్న నిబంధన ఉంది. వెంటపడే పాట కింద అట్లాంటి హెచ్చరిక వేయాలని నేను అనను, ఆ పని చూసే కన్నే చేయాలి.

ఇక్కడ ఒక హద్దు పాటించాలి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడిని ఈ ఊరు మరచిపోలేదు, ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు. సినిమాల వల్లే అది జరిగిందని తీర్పు చెప్పనివ్వకండి, ఎందుకంటే అంత మాట అనడానికి మన దగ్గర ఆధారం లేదు, ఆ కుటుంబాల దుఃఖాన్ని మన వ్యాసానికి ఉదాహరణగా వాడుకోవడం కూడా సరికాదు. ‘వద్దు’ అన్న మాటను తెర మీద ఎన్నిసార్లు ‘అవును’గా మార్చి చూపించారన్నది మాత్రం లెక్కపెట్టవచ్చు. ఆ లెక్క దగ్గరే ఆగాలి.

చర్చ నడిపేటప్పుడు అబ్బాయిలు తమ మీద నేరం మోపుతున్నారని అనుకుంటే తలుపులు మూసుకుంటాయి. అందుకే మొదటి ప్రశ్న హీరో గురించి కాకుండా ఈల గురించి ఉండాలి: ఎక్కడ ఈల వేశావు, ఆ క్షణం నీకు ఏం దొరికింది? పేర్లు లేకుండా చీటీల మీద రాయించి, కలిపి, నేనే చదువుతాను. ఒకసారి ఒక చీటీలో, నాన్న ఎప్పుడూ మాట్లాడడు, కోపం వస్తే హీరో అయినా అన్నీ చెప్పేస్తాడు, అందుకే వేశాను అని ఉంది. ఆ రోజు తర్వాతి గంట మొత్తం తండ్రుల మౌనం గురించే సాగింది, నేను సిద్ధం చేసుకున్న ప్రశ్నలను పక్కన పెట్టేశాను. అమ్మాయిలను ఎప్పుడూ బాధితుల తరఫు సాక్షులుగా నిలబెట్టకండి, వాళ్ళకూ అదే హీరో నచ్చి ఉండవచ్చు, ఎందుకు నచ్చాడో చెప్పే చోటు వాళ్ళకూ ఉండాలి.

చివరగా రాయడం. మగతనం, పితృస్వామ్యం, సమాజం అనే పెద్ద మాటలతో మొదటి పేరా మొదలుపెట్టిన వ్యాసాన్ని నేను వెనక్కి ఇచ్చేస్తాను. మొదటి వాక్యంలో సినిమా పేరు, గంట, నిమిషం, ఒక మనిషి చేసిన ఒక పని ఉండాలి. రెండవ వాక్యంలో, ఆ పని ఎవరి మీద పడిందో ఆ మనిషి పేరుండాలి. సినిమా ఆ మనిషికి పేరే పెట్టకపోతే, పేరు పెట్టలేదనే రాయాలి.